బావగారికి ఆరు కాళ్లు

ఆ రోజు పొద్దున గంటాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదీ ముప్పావుకి మొదటి గంట కొట్టాలి. గదిగదికీ తిరిగి సుద్దముక్కలు పెట్టాలి. తొమ్మిదింబావు నుంచి తొమ్మిదిన్నర గంట కొట్టేదాకా, అంటే సరిగ్గా పావుగంట, సైన్సు గది వెనకున్న సిమెంటు తొట్టి పక్కన గొంతుక్కూచోవాలి. అంతకు మించి ఆయన ఈ లోకాన్ని ఏమీ అడగలేదు. అడిగినవాళ్లకి లోకం ఏం ఇస్తుందో ఆయనకు ఏడో తరగతిలోనే తెలిసిపోయింది. ఆ ఏడే బడి మానేశాడు. ఆయన బడిని వదిలేసినా బడి ఆయన్ని వదల్లేదు. ఇరవై రెండేళ్లుగా ఇక్కడే గంట కొడుతున్నాడు.

ఆ తొట్టి మీద ఒక కుళాయి తొమ్మిదేళ్లుగా కారుతోంది. కారుతోందని ఫిర్యాదుల పుస్తకంలో మొదట రాసింది గంటాయనే. బాగుచెయ్యడానికి ఎవరూ రాలేదు గాని, ఆ చుక్కచుక్క నీళ్లకి తొట్టిలో నాచు పట్టింది, అంచున గడ్డి మొలిచింది, అడుగున బురద చేరింది, ఆ బురదలో తూనీగ పిల్లలు కాపురం పెట్టాయి. తూనీగ పిల్లకి రెక్కలుండవు. బురదముద్దకి కాళ్లు మొలిచినట్టుంటుంది. నెలల తరబడి నీళ్లడుగున దోమపిల్లల్ని తిని బతికి, ఒకానొక పొద్దున గడ్డిపరక పట్టుకుని పైకెక్కుతుంది. అక్కడ దాని వీపు పగులుతుంది. లోపల్నుంచి తూనీగ బయటికొస్తుంది. దిక్కూదివాణం లేని కుళాయి కింద ఇంతటి ఘనకార్యం జరుగుతోందని మొదటిసారి చూసినప్పుడు గంటాయన నోరు తెరుచుకుని అలా ఉండిపోయాడు. ఆ రోజు గంట ఏడు నిమిషాలు ఆలస్యమైంది.

ఆ ఏడు నిమిషాలకి ఒక కాయితం పుట్టింది. 'గంట కొట్టు ఉద్యోగి'ని ఊరవతల పుస్తకాల గోదాముకి మారుస్తున్నట్టు హెడ్మాస్టరు టైపు చేయించి, సంతకం పెట్టి, తేదీ మాత్రం ఖాళీగా వదిలి, బల్లమీద గాజు బిళ్ల కింద పెట్టాడు.

"ఇంకోసారి గంట ఆలస్యమైందో, డ్యూటీలో నీ చేతిలో ఫోను కనపడిందో, తేదీ వేసేస్తాను. రెండు అంకెలు వెయ్యడానికి నాకేం చెయ్యి నొప్పి పుట్టదు," అన్నాడు.

గోదాములో కిటికీలు లేవు. తొట్టి లేదు. పుస్తకాలు తినే చెదలు తప్ప ఇంకో ప్రాణి లేదు. అక్కడికి వెళ్లిన మనిషి మళ్లీ రిటైరైన రోజే బయటికొస్తాడు. అందుకని గంటాయన ఆనాటి నుంచి గంట విషయంలో గడియారాన్ని మించిపోయాడు. ఫోను విషయంలో మాత్రం మాట తప్పాడు. దాన్ని క్యారేజీ అడుగు గిన్నెలో పెట్టి తెస్తాడు. బడివాళ్లు పారేసిన పాత ప్రొజెక్టరులోంచి ఊడదీసిన అద్దాన్ని దాని కంటికి రబ్బరు బ్యాండుతో కడతాడు. ఆ అద్దంలోంచి చూస్తే చీమ మూతిమీద వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు.

ఆర్నెల్ల కిందట ఆ ఫోను చెడిపోతే, ఫోన్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్న బామ్మర్దికి ఇచ్చాడు. సాయంత్రం వెళ్లేసరికి బామ్మర్ది దుకాణం పని మానేసి ఫొటోలు చూస్తున్నాడు.

"ఎక్కడ కొట్టుకొచ్చావు బావా ఇవి?"

"కొట్టుకురావడానికి అవేమన్నా నీ దుకాణంలో సామానా? నేనే తీశాను."

"ఒట్టు?"

"మీ అక్క మీద ఒట్టు."

"అక్క మీద నువ్వేసిన దొంగ ఒట్లు నాకే పదిహేను తెలుసు. నీ గంట మీద ఒట్టెయ్యి."

గంట మీద ఒట్టేశాక బామ్మర్ది నమ్మాడు. నమ్మినవాడు ఊరుకోలేదు. లోకంలో ఎవరెవరో తమ ఫొటోలు పెట్టి, కావలసినవాళ్లు తీసుకోండని వదిలేసే చోటు ఒకటుందట. బడి పాఠాలకి, పుస్తకాలకి ఎవరైనా వాడుకోవచ్చట. అందులో ముప్పై ఒక్క ఫొటోలు పెడతానన్నాడు. పేరేం పెట్టమంటావని అడిగితే, "నా పేరు పెట్టావంటే గోదాములో తేలతాను," అన్నాడు గంటాయన. "అయితే నేను పిలిచే పేరే పెడతాలే," అని బామ్మర్ది 'బావగారు' అని పెట్టేశాడు. నోటితో ఎన్నడూ అనని 'గారు' కంప్యూటరులో మాత్రం పెట్టాడు. ఆ సంగతి గంటాయన ఆ రాత్రే మరిచిపోయాడు.

సరే, ఆ పొద్దున తొమ్మిదింబావుకి గంటాయన క్యారేజీ పట్టుకుని తొట్టివైపు వెళ్తుంటే సైన్సు టీచరు కిటికీలోంచి పిలిచింది. కొత్తగా వచ్చిన అమ్మాయి. ఇంకా ప్రొబేషన్‌లో ఉంది.

"బాబాయ్, కాస్త ఈ కిటికీ తలుపులన్నీ మూసిపెడతారా? ఫొటో చూపించాలి. వెలుగు మరీ ఎక్కువగా ఉంది."

ఈ టీచరుకి ఒక నియమం ఉంది. వెనక పనిచేసిన బడిలో ఎవరిదో ఫొటో అడక్కుండా పాఠంలో వేస్తే, ఆ ఫొటో తీసినాయన ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం చదివి ఆ అమ్మాయి రెండు రోజులు అన్నం తినలేదు. అప్పట్నుంచి, అందరూ వాడుకోవచ్చని తీసినవాళ్లే చెప్పిన ఫొటోలు తప్ప వాడదు. వాడిన ప్రతి ఫొటో కిందా తీసినవాళ్ల పేరూ, వాళ్ల షరతులూ వెనక బెంచీ దాకా కనపడేంత అక్షరాలతో రాస్తుంది.

గంటాయన చివరి కిటికీ మూశాడు. గది చీకటైంది. ప్రొజెక్టరు వెలిగింది. వెనక్కి తిరిగి చూసి, గడియ పట్టుకున్న చెయ్యి అక్కడే వదిలేశాడు.

గోడంత గడ్డిపరక. దాన్ని పట్టుకుని మనిషి ఎత్తున బురదరంగు జీవి. దాని వీపు నిలువునా విచ్చుకుంది. ఆ చీలికలోంచి, అప్పుడే చలిమంటలోంచి తీసిన నిప్పుకణికల్లా రెండు కళ్లు బయటికొస్తున్నాయి. ఒక్కో కంట్లో వేలకొద్దీ చిన్న కళ్లు. కంటి అంచున ఒక నీటిబొట్టు, ఆ బొట్టులో తలకిందులుగా ఆకాశం. తను గొంతుక్కూచుని, మోకాళ్లు పీక్కుపోతుండగా, ఊపిరి బిగబట్టి తీసిన ఫొటో. అరచేతిలో చూసినప్పుడు అది పురుగు. గోడమీద చూస్తే ఏదో లోకం మొదలవుతున్నట్టుంది. రోజూ సంతలా ఉండే నలభై రెండు మంది పిల్లలూ కిక్కురుమనలేదు. ఎవరిదో పెన్సిలు దొర్లి కిందపడితే, దాన్ని తీసుకోవడానికి కూడా ఎవరూ వంగలేదు.

కింద తెల్లటి అక్షరాలు: 'ఫొటో: బావగారు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. వాడిన ప్రతిచోటా పేరు చెప్పాలి. మార్చినది కూడా ఇదే షరతు మీద అందరికీ ఇవ్వాలి.'

గంటాయన ఆ అక్షరాలు రెండుసార్లు చదివాడు. మూడోసారి చదువుతుండగా గుర్తొచ్చింది, తను గంట కొట్టాలని. అప్పటికి పదకొండు నిమిషాలు దాటిపోయింది.

హెడ్మాస్టరు గంట స్తంభం దగ్గరే నిలబడి ఉన్నాడు. "ఏమయ్యా, ఏమైంది?"

"సుత్తి కనపడలేదు సార్," అన్నాడు గంటాయన, నోటికి ఏదొస్తే అది. సుత్తి చొక్కా వెనకాల నడుముకి దోపుకుని ఉంది.

ఈ అబద్ధం అక్కడితో చస్తే బాగుండేది. హెడ్మాస్టరు దాన్ని బతికించాడు. బడి ఆస్తి కనపడకుండా పోవడమంటే చిన్న సంగతి కాదన్నాడు. సుత్తిని ఆఖరున ఎవరు చూశారో టీచర్లందరి దగ్గరా వాంగ్మూలం తీసుకుంటానన్నాడు. తేలాక గాజు బిళ్ల కింది కాయితం సంగతి చూస్తానన్నాడు.

మధ్యాహ్నం గంటాయన పరుగున బామ్మర్ది దుకాణానికి వెళ్లాడు.

"తీసెయ్యరా ఆ ఫొటోలు. మా గోడమీద పడ్డాయి."

"గోడమీదా? ఎంత పెద్దగా పడ్డాయి?" బామ్మర్ది మొహం విప్పారింది.

"నా చావంత పెద్దగా. ఆ కుళాయి, ఆ తొట్టి ఎవరైనా గుర్తుపడితే నేను అయిపోయినట్టే. తీసెయ్యి."

"ఇక్కడ తీసేసినా, తీసుకున్నవాళ్ల దగ్గర్నుంచి ఎలా లాక్కుంటాను? ఒకసారి అందరికీ ఇచ్చేశాక వెనక్కి పుచ్చుకోవడం కుదరదు బావా. షరతుల్లో ఉంది."

"ఆ షరతులకి నేనెప్పుడు ఒప్పుకున్నాను?"

"నేను చదివి వినిపిస్తుంటే నువ్వు ఊఁ ఊఁ అంటూ అన్నం తిన్నావు. అక్కే సాక్ష్యం."

ఫొటోని తీసెయ్యడం కుదరనప్పుడు పేరునైనా కప్పేద్దామనుకున్నాడు గంటాయన. మర్నాడు టీచరు అదే ఫొటో వేసి పిల్లలచేత బొమ్మ గీయిస్తుందని తెలుసు. పొద్దున్నే వెళ్లి, గది మూలనున్న చెక్క బీరువాని తోసుకుంటూ వచ్చి, గోడకి ఎడమవైపు, అక్షరాలు పడే చోట జేనలతో కొలిచి నిలబెట్టాడు. కొలత సరిగ్గానే ఉంది. అయితే వెనక బెంచీవాళ్లకి చిన్నగా కనపడుతోందని టీచరు ఆ రోజు ప్రొజెక్టరు బల్లని రెండడుగులు వెనక్కి జరిపింది. బొమ్మ పెద్దదై, పక్కకి జరిగింది. నల్లటి బీరువా 'ఫొటో:' అన్న మాటని మాత్రం మింగి, మిగతాది వదిలేసింది. గోడమీద బురద జీవి. దాని కింద 'బావగారు'. ఆ తర్వాత షరతులు.

అప్పుడే హెడ్మాస్టరు నుంచి కబురొచ్చింది, సుత్తి విషయంలో సైన్సు టీచరు వాంగ్మూలం ఇవ్వాలని. ఆ అమ్మాయి గోడవైపు చూడకుండానే, "బొమ్మ గీసుకోండి, కింద ఉన్నది ఉన్నట్టు రాసుకోండి, వచ్చేస్తాను," అని వెళ్లింది. సుత్తిని తన జన్మలో చూడలేదని రాసి సంతకం పెట్టేసరికి పీరియడ్ అయిపోయింది.

ఈ బడి పిల్లలకి హెడ్మాస్టరు నేర్పిన పద్ధతి ఒకటుంది. బొమ్మ కింద ఏది రాసుంటే అది బొమ్మ పేరు. అక్షరం పొల్లుపోకుండా రాస్తే అరమార్కు ఎక్కువ. ముందురోజు చూడమన్నారు, బొమ్మ చూశారు. ఇవాళ రాయమన్నారు, రాత చూశారు. నలభై రెండు మందీ శ్రద్ధగా రాసుకున్నారు. ఆ మర్నాటి పాఠంలో టీచరు, "దీని వీపు పగిలి బయటికొచ్చేదే తూనీగ," అని చెప్పింది. పిల్లలకి ఏ సందేహమూ రాలేదు. లోపలున్నది తూనీగ, బయటున్నది బావగారు.

సుత్తి విచారణలో తేలింది ఏమిటంటే, సుత్తి దొరికినా దానికి రక్షణ లేదని. దానికో గొలుసు వేశారు. గొలుసుకి తాళం. తాళంచెవి హెడ్మాస్టరు బల్ల సొరుగులో. దాంతో గంటాయన ప్రతి పీరియడ్‌కీ హెడ్మాస్టరు గదికి వెళ్లి, చెవి అడిగి తీసుకుని, గంట కొట్టి, మళ్లీ తెచ్చి ఇవ్వాలి. తప్పు ఎవరిదైనా నడిచే కాళ్లు మాత్రం ఎప్పుడూ కిందివాడివే ఉంటాయి.

వారానికి పరీక్ష పెట్టారు. ఆ మర్నాడే పైఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. నవ్వడానికి కూడా పైనుంచి అనుమతి రావాలన్నట్టుండే మనిషి. హెడ్మాస్టరు కుర్చీలో కూచుని, చేతికందిన సైన్సు పేపర్ల కట్ట విప్పింది. ఎదురుగా హెడ్మాస్టరు, పక్కన సైన్సు టీచరు. తాళంచెవి కోసం వచ్చిన గంటాయన గుమ్మం దగ్గర.

ఇన్‌స్పెక్టరమ్మ మొదటి పేపరు పైకి చదివింది. "'ఈ కీటకము పేరు బావగారు. బావగారికి ఆరు కాళ్లు కలవు. బావగారు బురదలో నివసించును.'"

ఆవిడ రెండో పేపరు తీసింది.

"'బావగారు దోమపిల్లలను తిని మనకు మేలు చేయును. కానీ బావగారిని ఎవరూ గుర్తించరు. బావగారి వీపు పగిలి లోపలినుంచి తూనీగ వచ్చును. అప్పుడు బావగారు ఖాళీ అగును.'"

మూడోది చదివేముందు కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "'బావగారిని ఎవరైనా ఉచితముగా వాడుకొనవచ్చును. మార్చుకొనవచ్చును. మార్చిన బావగారిని కూడా అందరికీ ఉచితముగా ఇవ్వవలెను. వాడుకొన్న ప్రతిచోటా పేరు చెప్పవలెను.' నలభై రెండు పేపర్లూ ఇంతే. ఒకమ్మాయి మాత్రం, మా ఇంట్లో కూడా ఒక బావగారున్నారు, కానీ ఆయనకి రెండే కాళ్లు అని రాసింది. ఎవరండీ ఈ బావగారు?"

హెడ్మాస్టరు సైన్సు టీచరు వైపు తిరిగాడు. "మీ బావగారామ్మా?"

"కాదండి. ఆయనెవరో నాకు తెలీదు."

"తెలీని మనిషిని బావగారంటారా?"

"నేననలేదు సార్. ఆయనే అనుకున్నారు. ఆ ఫొటో తీసినాయన పెట్టుకున్న పేరది. నాది కాని ఫొటో వాడినప్పుడు తీసినవాళ్ల పేరు రాస్తాను. వాళ్లు మననుంచి అడిగేది అదొక్కటే." ఆ అమ్మాయి పేపర్ల వైపు చూసింది. "పిల్లలు దాన్ని పురుగు పేరనుకున్నారని నాకు తెలీదు."

"చూపించండి," అంది ఇన్‌స్పెక్టరమ్మ.

టీచరు ల్యాప్‌టాప్ తెచ్చి బల్లమీద పెట్టి, ఫొటో ఉన్న పేజీ తెరిచింది. ఫొటో చూడగానే ఇన్‌స్పెక్టరమ్మ కుర్చీ ముందుకి జరుపుకుంది. తర్వాత పేజీ కిందికి జరిపింది. అక్కడ, ఈ ఫొటోని ఎవరెవరు ఎక్కడెక్కడ వాడుకున్నారో జాబితా ఉంది. నూట పన్నెండు. ఒక్కోటీ తెరుస్తూ పోయింది. మంచు పడే ఊళ్లో బడి. ఇసకలో కట్టిన బడి. చూపులేని పిల్లలకి వేలితో తడిమి తెలుసుకునేలా ఎవరో ఇదే బొమ్మని గీతల్లోకి మార్చి, వాళ్లూ షరతు ప్రకారం అందరికీ ఇచ్చేశారు. లిపి ఎవరిదో, భాష ఎవరిదో, ఎడమనుంచి కుడికి చదవాలో కుడినుంచి ఎడమకి చదవాలో తెలీని పాఠాలు. ప్రతి దాంట్లోనూ ఆ బురద జీవి. ప్రతి దాని కిందా, ఆ పరాయి అక్షరాల మధ్య, తెలుగులో ఒక్క మాట: బావగారు. చదవడం రానివాళ్లు కూడా ఒక్క కొమ్ము, ఒక్క దీర్ఘం పోకుండా రాసిపెట్టారు.

గుమ్మం దగ్గర గంటాయన చేతిలోని క్యారేజీని నేలమీద పెట్టాడు. తలుపు పట్టుకున్నాడు. ఇరవై రెండేళ్లలో ఈ బడిలో ఆయన్ని ఎవరూ పేరుపెట్టి పిలవలేదు.

హెడ్మాస్టరు తెలీకుండానే లేచి నిలబడ్డాడు. "ఎవరో మహా పండితుడై ఉంటాడు మేడం. ఏ పెద్ద కాలేజీలోనో ఉండుంటాడు. ఒకసారి మన బడికి పిలిపిద్దాం. నేనే ఎదురెళ్లి..." అంటూ తర్వాతి ఫొటో చూసి ఆగాడు. "ఈ కుళాయి ఏంటి, మన కుళాయిలా ఉంది?"

అందరూ వంగి చూశారు. గడ్డిపరక వెనకాల పగిలిన తొట్టి అంచు, తలకి గుడ్డపీలిక చుట్టిన కుళాయి. ఆ పీలిక హెడ్మాస్టరు పాత తువ్వాలుది. దాని నీలం అంచుని ఆయన ఎక్కడున్నా గుర్తుపడతాడు.

"ఇది మన బడిలోనే తీశారు," అన్నాడు హెడ్మాస్టరు. నిలబడ్డందుకు సిగ్గుపడ్డట్టు గబుక్కున కూచున్నాడు. "అర్థమైంది మేడం. ఈవిడే పాఠం మానేసి ఫొటోలు తీసి, దొంగపేరు పెట్టి, వాటినే పిల్లలకి చూపించి, ఎవరో గొప్పవాడన్నట్టు... ప్రొబేషన్‌లో ఉన్న మనిషి. ఇవాళే మెమో ఇస్తాను. ఇవాళే ఇంటికి."

"నేను కాదు సార్," అంది టీచరు.

గంటాయన బల్లవైపు చూశాడు. గాజు బిళ్ల కింద కాయితం, దానిమీద ఖాళీగా ఉన్న తేదీ జాగా. కిటికీలోంచి చూస్తే సైన్సు గది గోడ, గోడ వెనక తొట్టి. రేపో ఎల్లుండో పైకెక్కడానికి రెండు పిల్లలు సిద్ధంగా ఉన్నాయి. నోరు మూసుకుంటే అవి తనవి. నోరు మూసుకోవడం తనకి కొత్తేమీ కాదు.

"సార్," అన్నాడు.

"ఉండవయ్యా, తాళంచెవి తర్వాత."

"చెవి కాదు సార్. ఆ బావగారిని నేనే."

హెడ్మాస్టరు తేరిపార చూశాడు. "ఎవరికి?"

"మా బామ్మర్దికి."

క్యారేజీ విప్పి, అడుగు గిన్నెలోంచి ఫోనూ, అద్దమూ, రబ్బరు బ్యాండూ తీసి ఇన్‌స్పెక్టరమ్మ ముందు పెట్టాడు. మొదటినుంచీ చెప్పాడు. సుత్తి నడుముకి దోపుకున్న సంగతీ, బీరువా తోసిన సంగతీ కూడా చెప్పేశాడు. "టీచరమ్మ తప్పేం లేదు. పేరు దాచబోయి నేనే పురుగునయ్యాను," అన్నాడు.

హెడ్మాస్టరు గాజు బిళ్ల ఎత్తి కాయితం తీశాడు. పెన్ను మూత తీశాడు. ఇన్‌స్పెక్టరమ్మ ఆ కాయితం కోసం చెయ్యి చాపింది. ఆసాంతం చదివింది.

"ఇందులో ఈయన పేరు లేదేం?"

"గంట కొట్టు ఉద్యోగి అని ఉంది కదా మేడం."

"పేరేమిటి?"

హెడ్మాస్టరు హాజరుపట్టీ కోసం అటూ ఇటూ చూశాడు.

"నూట పన్నెండు చోట్ల రాశారు," అంది ఇన్‌స్పెక్టరమ్మ, కాయితం తిరిగి ఇచ్చేస్తూ. తొట్టి చూపించమంది. వెళ్లి చూసింది. చీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని, గంటాయన పక్కన తనూ గొంతుక్కూచుంది. బురదలో ఒకటి కదిలింది. "దీన్ని జాగ్రత్తగా చూసుకోండి. వచ్చే సోమవారం మళ్లీ వస్తాను," అని హెడ్మాస్టరుకి చెప్పి వెళ్లిపోయింది. టీచరు మెమో మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. గంటాయన కాయితం మాత్రం గాజు బిళ్ల కిందికే వెళ్లింది. "ఆవిడ వచ్చి వెళ్లనీ, అప్పుడు చూద్దాం," అన్నాడు హెడ్మాస్టరు.

పైవాళ్లు జాగ్రత్తగా చూసుకోమంటే కిందివాళ్లకి తెలిసిన జాగ్రత్త ఒక్కటే. హెడ్మాస్టరు మేస్త్రీని పిలిపించాడు. తొమ్మిదేళ్లుగా కారుతున్న కుళాయి తొమ్మిది నిమిషాల్లో ఆగిపోయింది. శనివారం తొట్టిని బ్లీచింగు పౌడరుతో కడిగి సున్నం వెయ్యాలని, పైన రేకు మూత పెట్టాలని, మూతమీద 'బావగారి తొట్టి' అని రాయించాలని నిర్ణయమైంది.

"కడిగితే అవి చస్తాయి సార్," అన్నాడు గంటాయన.

"ఏవి?"

"పురుగులు."

"మరి పురుగులుంటే ఇన్‌స్పెక్టరమ్మ ఏమనుకుంటుందయ్యా? నీ గౌరవం కోసమే కదా ఇదంతా."

గౌరవం అంటే ఏమిటో అప్పుడు అర్థమైంది గంటాయనకి. శుక్రవారం ఆఖరి గంట కొట్టి, చెవి తిరిగిచ్చి, తొట్టి దగ్గరికి వెళ్లాడు. మోచేతుల దాకా బురదలో పెట్టి ఒక్కొక్కటే ఏరాడు. పదిహేడు తేలాయి. వాటిని ఎక్కడ దాచాలో తోచలేదు. ఇంటికి తీసుకెళ్తే కారే కుళాయి లేదు, ఉన్న చెంబులన్నీ భార్య లెక్కలో ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది, హెడ్మాస్టరు బల్ల పక్కనే నేలమీద ఉండే ఎర్ర బక్కెట్టు. నిప్పంటుకుంటే ఆర్పడానికి పెట్టింది. ఎప్పుడూ నిండుగా ఉండాలని పైఆఫీసు ఉత్తర్వు. దాన్ని తాకే ధైర్యం ఎవరికీ లేదు. బురదతో, నాచుతో, నాలుగు గడ్డిపరకలతో సహా ఆ బక్కెట్టులో కాపురం మార్చాడు.

సోమవారం పొద్దున ఎనిమిదీ నలభైకి గంటాయన తాళంచెవి కోసం వెళ్లాడు. గది తలుపు తీసే ఉంది. హెడ్మాస్టరు కుర్చీలో లేడు. బల్లవెనక నేలమీద, కొత్త ప్యాంటుతో, మోకాళ్లమీద కూచుని ఉన్నాడు. గంటాయన్ని చూసి వేలు పెదవిమీద పెట్టుకున్నాడు.

చెవి ఉన్న సొరుగు పిడికి ఒక తూనీగ పిల్ల అతుక్కుని ఉంది. వీపు అప్పటికే చీలింది. తల బయటికొచ్చింది. ఆ కళ్లు. కాళ్లు ఒక్కొక్కటే, ఇరుకు చొక్కా చేతుల్లోంచి లాక్కున్నట్టు, బయటికొస్తున్నాయి. తర్వాత అది వెనక్కి వాలి, తలకిందులుగా వేలాడి, చచ్చినట్టు ఆగిపోయింది.

"పోయిందా?" అన్నాడు హెడ్మాస్టరు, పెదవులతోనే.

"లేదు సార్. బలం కూడగట్టుకుంటోంది."

"ఎంతసేపు?"

"దాని ఇష్టం."

ఎనిమిదీ ముప్పావైంది. గంటాయన సొరుగువైపు చూశాడు. హెడ్మాస్టరు తల అడ్డంగా ఊపాడు. బయట పిల్లలు, టీచర్లు గంట కోసం ఎదురుచూసి, మోగకపోయేసరికి ఒక్కొక్కరే వచ్చి కిటికీ దగ్గర చేరారు. సైన్సు టీచరు ముందుంది. ఎవరూ వాళ్లని గదమాయించలేదు. తొమ్మిదవుతుండగా ఇన్‌స్పెక్టరమ్మ గుమ్మంలో నిలబడి, "సున్నం వేశారేమిటి ఆ తొట్టికి?" అంది. హెడ్మాస్టరు తల తిప్పకుండానే ఆవిడ వైపు చెయ్యెత్తి, నోరు మూసుకోమన్నట్టు ఊపాడు. ఆవిడ మూసుకుంది. వచ్చి పక్కనే కూచుంది.

అది ఒక్కసారి పైకి లేచింది. తన ఖాళీ పొరనే పట్టుకుని, తోక బయటికి లాక్కుంది. నలిగిన కాయితం ముక్కల్లా ఉన్న నాలుగు రెక్కలు, ఎవరో లోపల్నుంచి ఊపిరి ఊదుతున్నట్టు, మెల్లమెల్లగా సాగాయి. కిటికీ ఎండ వాటిలోంచి వచ్చి హెడ్మాస్టరు తెల్లచొక్కా మీద పడింది. ఆయన ఆ వెలుగుని చెదరగొట్టకుండా ఉండటానికి ఊపిరి కూడా సగమే పీల్చాడు.

"నీ అద్దం ఏదయ్యా?" అన్నాడు.

గంటాయన ఫోను ఇచ్చాడు. హెడ్మాస్టరు తీసిన మొదటి మూడు ఫొటోల్లో సొరుగు మాత్రమే వచ్చింది. నాలుగోదాంట్లో కళ్లు పడ్డాయి. ఆ ఫొటోని చూసుకుంటూ చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

రెక్కలు గట్టిపడ్డాక అది ఒకసారి వణికి, హెడ్మాస్టరు తలమీదుగా, కిటికీలో పిల్లల తలలమీదుగా వెళ్లిపోయింది. సొరుగు పిడికి పొర ఒక్కటే మిగిలింది. హెడ్మాస్టరు దాన్ని రెండువేళ్లతో తీసి, చుట్టడానికి చేతికందిన కాయితం తీసుకున్నాడు. గాజు బిళ్ల కిందిది. నాలుగు మడతలు పెట్టి, పొరని అందులో భద్రంగా పెట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు సొరుగు తీసి చెవి ఇచ్చాడు. ఇస్తూ, "నీ పేరేంటయ్యా?" అన్నాడు.

గంటాయన చెప్పాడు. హెడ్మాస్టరు ఒకసారి పైకి పలికి చూసుకున్నాడు.

ఆ రోజు మొదటి గంట నలభై ఒక్క నిమిషాలు ఆలస్యంగా మోగింది. ఇన్‌స్పెక్టరమ్మ ఎదుటే, రిజిస్టరులో ఆలస్యానికి కారణం అన్న గడిలో హెడ్మాస్టరు స్వహస్తాలతో రాశాడు: బావగారు.